మొక్కజొన్నను దాచే దారులు: ఏది ఎండాలి, ఏది పులియాలి, ఏది సీసాకెక్కకూడదు

ఖరీఫ్ మొక్కజొన్న కోతకొచ్చే వేళకే మన ఉత్తరాంధ్రలో ముసురు పట్టుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కళ్ళంలో కండెలుంటాయి, ఆకాశంలో మబ్బులుంటాయి. సముద్రానికి దగ్గరున్న సబ్బవరం, పరవాడ, పెందుర్తి వైపు ఎండ కాసినా గాలిలో చెమ్మ పోదు. అరకు, పాడేరు వైపు కొండ చెక్కల్లో మంచు దిగడంతో పగలు ఎండిన గింజ తెల్లారేసరికి మళ్ళీ మెత్తబడుతుంది. ఇవి చాలవన్నట్టు తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లలో సరుకంతా పాడైపోయింది. పొడి గింజ, ఊరగాయ, వడియాలున్న ఇళ్ళకు మాత్రం తిండికి లోటు రాలేదు.

ఎకరా, రెండెకరాలున్న సన్నకారు రైతు సాధారణంగా కోసిన వారంలోనే గింజ అమ్మేస్తాడు. ధర నచ్చి కాదు, దాచే దారి లేక. కొంచెం తిండికీ కోళ్ళకూ ఉంచుకున్నా అది ముక్కిపోతుంది. కాబట్టి ఈ వారం పాఠం నిల్వ గురించి. ఎండబెట్టడం, పులియబెట్టడం, సీసాల్లో మూసి ఉడికించడం అనే మూడు పద్ధతులు చూద్దాం. మూడూ మంచివే. కానీ ఒకదానికి పనికొచ్చే సరుకు ఇంకోదానికి పనికిరాదు. తేడా తెలియక చేస్తే గింజ పోవడంతో ఆగదు, ప్రాణాలే పోతాయి.

ముగ్గురు శత్రువులు

మొదటి శత్రువు బూజు. గింజలో తేమ ఉంటే చాలు, పెరుగుతుంది. మొక్కజొన్న, వేరుశనగల మీద పెరిగే ఒక రకం ఆకుపచ్చ-పసుపు బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉడికించినా, వేయించినా, రొట్టె కాల్చినా ఆ విషం పూర్తిగా పోదు.

ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు, మన దేశంలోనే జరిగింది. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో కోతల ముందు అకాల వర్షాలు పడ్డాయి. తడిసిన మొక్కజొన్నను సరిగా ఎండకుండానే ఇళ్ళలో పోసుకున్నారు. వేరే తిండి లేక అదే వండుకు తిన్నారు. 397 మందికి కామెర్లు, పొట్ట ఉబ్బు వచ్చాయి. 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి, కారణం బూజు పట్టిన మొక్కజొన్నేనని 1975లో లోకానికి తెలియజేశారు.

రెండో శత్రువు పులుపు లేని తడి పిండిలో పెరిగే ఒక సూక్ష్మజీవి. అది వదిలే విషానికి బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అని పేరు. దానికి రంగు లేదు, రుచి లేదు, వండినా చావదు. 2015 జనవరిలో ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో పాడైన మొక్కజొన్న పిండితో చేసిన నాటు బీరు తాగి 75 మంది చనిపోయారు. 2020 అక్టోబరులో చైనాలో ఒకే ఇంటి విందులో పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన సేమ్యా తిని 9 మంది చనిపోయారు. ఆ పిండిని దాదాపు ఏడాదిగా ఫ్రీజర్‌లో దాచారు.

మూడో శత్రువు గాలి లేని చోట బతికేది, బొటులినం. మట్టిలో దీని విత్తనాల్లాంటి బీజాలు ఉంటాయి. మూత బిగించిన సీసాలో పులుపు లేని తిండి ఉంటే మొలకెత్తి విషం వదులుతుంది. నీళ్ళు మరిగే 100 డిగ్రీల వేడికి ఈ బీజాలు చావవు.

ముగ్గురికీ మందు ఒకచోటే ఉంది. తేమ తీసేస్తే మొదటివాడు చస్తాడు. గట్టిగా పులుపెక్కితే రెండోవాడు, మూడోవాడు లొంగుతారు. ఇది గుర్తుంటే మిగతా పాఠమంతా సులువు.

ఎండబెట్టడం: నిల్వకు ఇదే మొదటి దారి

కండె పైతొక్క ఎండి, గింజ మొదట నల్లచుక్క కనిపిస్తే కోతకు వచ్చినట్టు. అప్పటికీ గింజలో 20 నుంచి 25 శాతం దాకా తేమ ఉంటుంది. మార్కెట్లో మద్దతు ధరకు 14 శాతం మించకూడదు. ఇంట్లో నెలల తరబడి దాచుకోవాలంటే 12 శాతానికి దిగాలి.

కండెలను నేల మీద పోయకండి. పట్టా పరచండి, లేదా వెదురు తడిక మీద కాళ్ళెత్తు పందిరి వేయండి. కింద నుంచీ గాలి ఆడాలి. సాయంత్రం మంచు పడకముందే కప్పండి, పొద్దున మంచు ఆరాకే విప్పండి. కప్పి ఉంచిన కుప్పలో చెయ్యి పెట్టి వేడిగా తగిలితే లోపల బూజు మొదలైనట్టే. వెంటనే పలచగా పరచండి. ఏజెన్సీలో చాలా ఇళ్ళలో కండెలను తొక్కతోనే జడలా అల్లి పొయ్యి మీద దూలానికి వేలాడదీస్తారు. పొగకు తేమ పోతుంది, పురుగూ దగ్గరికి రాదు. ఇంటికీ, విత్తనానికీ కావలసిన కొద్దిపాటి కండెలకు ఆ పద్ధతి ఈనాటికీ మంచిదే.

తేమ కొలిచే యంత్రం మన దగ్గర ఎక్కడుంటుంది అంటారా? ఒక గాజు సీసా, గుప్పెడు ఉప్పు చాలు. సీసా పూర్తిగా పొడిగా ఉండాలి, ఉప్పు కూడా పెనం మీద వేయించి చల్లార్చినది కావాలి. సీసాలో మూడో వంతు గింజ పోసి, రెండు మూడు చెంచాల ఉప్పు వేసి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో 15 శాతం పైనే తేమ ఉన్నట్టు, ఇంకా ఎండాలి. అంటుకోకుండా అడుగున రాలితే 15 శాతం లోపుకు వచ్చినట్టు. అప్పుడు కూడా మరో రెండు గట్టి ఎండలు చూపించి దాచండి. పంటి కింద కొరికితే టక్కున విరగాలి. నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టు.

ఎండితే తూకం తగ్గుతుందని వెనకాడకండి. 20 శాతం తేమ ఉన్న 100 కిలోలు 12 శాతానికి ఎండితే సుమారు 91 కిలోలు అవుతుంది. పోయిన 9 కిలోలు నీళ్ళే, గింజ కాదు. ఆ నీళ్ళను దాచుకుంటే మిగతా 91 కిలోలనూ బూజుకు ఇచ్చినట్టే.

గింజలు వలిచాక చాటలో పోసి ఏరండి. రంగు మారినవి, ముడుచుకున్నవి, పురుగు తిన్నవి, విరిగినవి తీసేయండి. బూజు విషం ఎక్కువగా ఇలాంటి గింజల్లోనే ఉంటుంది. ఏరితే ముప్పు చాలా తగ్గుతుంది. ఏరినవాటిని కోళ్ళకు, పాడిపశువులకు పెట్టవద్దు. కోళ్ళు చస్తాయి, ఆవు తిన్న విషం పాలలోకి దిగి ఇంట్లో పిల్లల దాకా వస్తుంది. గొయ్యి తీసి పూడ్చండి. మనుషులు తినే ధాన్యంలో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండకూడదన్నది మన దేశపు ఆహార భద్రతా నిబంధన. గ్రాములో పదిలక్షల వంతు ఒక మైక్రోగ్రాము. ఇంత కొంచెం విషాన్ని కంటితో పట్టలేం కాబట్టే ఎండబెట్టడం, ఏరడం మన చేతిలో పని.

దాచేటప్పుడు సంచులను గోడకు జానెడు దూరంలో, చెక్క బల్ల మీద పెట్టండి. గాలి చొరని ప్లాస్టిక్ లోపలి సంచి, మూత బిగిసే డ్రమ్ము ఇంకా మంచివి, ముక్క పురుగు ఊపిరాడక చస్తుంది. కానీ తడి గింజను మాత్రం వాటిలో పోయకండి. తడి బయటికి పోయే దారి లేక అంతా ముద్దవుతుంది.

సున్నపు నీళ్ళలో ఉడికించడం

రోజూ మొక్కజొన్నే ముఖ్యమైన తిండి అయిన ఇంటికి ఒక మాట. ఈ గింజలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, అది గింజలో బిగిసి ఉండి ఒంటికి సరిగా పట్టదు. గత శతాబ్దపు మొదటి రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తినే పేదలకు చర్మం నల్లబడి పొరలు లేచే పెల్లాగ్రా జబ్బు వచ్చి వేల మంది చనిపోయారు. తరతరాలుగా అదే గింజ తినే మెక్సికో పల్లెల్లో ఆ జబ్బు అంతగా లేదు. వాళ్ళు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించాకే రుబ్బుతారు. ఆ పనితో బిగిసిన విటమిన్ విడివడుతుంది.

మనమూ చేసుకోవచ్చు. ఏరిన గింజ ఒక కిలోకు 3 లీటర్ల నీళ్ళు, 10 గ్రాముల తినే సున్నం పొడి తీసుకోండి. కిరాణా కొట్టు తక్కెడలో తూయించి తెచ్చుకోండి. గోడలకు వేసే సున్నం వాడకూడదు. స్టీలు గిన్నెలోనో మట్టికుండలోనో అరగంట నుంచి ముప్పావుగంట సన్నని మంట మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచండి. అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది, అది వద్దు. పొద్దున చేతులతో నలిపి, మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగండి, పైతొక్క ఊడిపోతుంది. ఆ రోజే గుగ్గిళ్ళుగానో, రుబ్బి రొట్టెలుగానో వాడండి. మిగిలితే తడిగా ఉంచకండి, రెండెండలు గట్టిగా ఎండబెట్టి పిండి పట్టించండి.

పులియబెట్టడం: మన అంబలి దారే మేలు

చోడి అంబలి, తరవాణి, చద్దన్నం మన ఇళ్ళకు కొత్త కాదు. రాత్రి నానిన పిండిలో మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో చెడ్డవి బతకలేవు. ఆఫ్రికాలో ఘనా, నైజీరియా దేశాల్లో మొక్కజొన్నను ఇలాగే పులియబెట్టి జావ, ముద్ద చేసుకుంటారు.

అయితే పైన చెప్పిన రెండో శత్రువు కాచుకుని ఉండేది ఇక్కడే. పులుపు త్వరగా ఎక్కితే వాడికి చోటుండదు. పిండి ఊరికే నీళ్ళలో రోజుల తరబడి నానితే చోటు దొరుకుతుంది. అందుకే మూడు కట్టుబాట్లు: పుల్లమజ్జిగతో తోడు పెట్టాలి, ఒక్క రాత్రే పులియాలి, వండినది ఆ రోజే తినాలి.

మొక్కజొన్న అంబలి ఇలా చేయండి. పావు కిలో మొక్కజొన్న పిండి లేదా సన్నరవ్వ, ఒక గ్లాసు పుల్లమజ్జిగ, మరిగించి చల్లార్చిన నీళ్ళు ముప్పావు లీటరు, ఒక చెంచా ఉప్పు కలిపి, కుండలోనో స్టీలు గిన్నెలోనో పోసి శుభ్రమైన గుడ్డ కట్టండి. పది పన్నెండు గంటల తర్వాత పైన చిన్న బుడగలు, పుల్లని కమ్మటి వాసన రావాలి. వేరే గిన్నెలో లీటరు నీళ్ళు మరిగించి గుప్పెడు నూకలు ఉడికించండి. అందులో పులిసిన పిండి పోస్తూ ఉండలు కట్టకుండా కలపండి. పావుగంటకు పైగా ఉడకనివ్వండి. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసుకుంటే ఎండలో పనికి పోయేవాళ్ళకు కడుపు చల్లగా ఉంటుంది.

ఇడ్లీకి మొక్కజొన్న రవ్వ రెండు పాళ్ళు, మినప్పప్పు ఒక పాలు చాలు. మామూలు ఇడ్లీ పిండిలాగే రాత్రి పులియబెట్టి పొద్దున ఆవిరి మీద ఉడికించండి.

పిండి మీద గులాబీ, నల్ల, పచ్చ చుక్కలు కనిపించినా, జిగురుగా సాగినా, పులుపు వాసన కాక కుళ్ళు వాసన వచ్చినా పారబోయండి. పై పొర తీసేసి కింది పిండి వాడుకుందామని చూడకండి. అయితే ప్రమాదకరమైన పిండి ఒక్కోసారి చూపుకీ వాసనకీ బాగానే ఉంటుంది. కాబట్టి బాగుందో లేదో చూసి తేల్చుకోవడం కాదు, ఒక్క రాత్రి కట్టుబాటు తప్పకపోవడమే అసలు కాపలా. ఫ్రిజ్ ఉంది కదా అని తడి పిండిని వారాలు దాచవద్దు.

నెలల తరబడి ఉండే పులియబెట్టిన తిండి కావాలంటే చల్ల మిరపకాయలే ఉన్నాయి. కిలో పచ్చిమిరపకాయలకు నిలువుగా గాటు పెట్టి, లీటరు పుల్లమజ్జిగలో 100 గ్రాముల కల్లుప్పు కలిపి ఊరవేయండి. పగలు తీసి ఎండలో పెట్టి, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో వేయండి. మూడు నాలుగు రోజుల్లో మజ్జిగంతా పీల్చుకుంటాయి. తర్వాత గలగలలాడేదాకా ఎండబెట్టి జాడీలో పెట్టండి. పులుపు, ఉప్పు, ఎండ మూడూ కలిసిన నిల్వ ఇది. మాగాయ కూడా ఇంతే. ఆవకాయలో ఎండ బదులు నూనె, ఆవపిండి కాపలా కాస్తాయి. మన అమ్మమ్మలు ఈ లెక్క పుస్తకం లేకుండానే కట్టారు.

సీసాల్లో మూసి ఉడికించడం

బజారులో దొరికే డబ్బా స్వీట్‌కార్న్, బేబీకార్న్ చూసి మనమూ సీసాల్లో నింపుదాం అనిపిస్తుంది. ఇక్కడ ఆగండి. మొక్కజొన్నలో పులుపు లేదు. ఫ్యాక్టరీల్లో ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దగ్గర లెక్క ప్రకారం ఉడికిస్తారు. ఇంటి దగ్గర నీళ్ళలో గంటలు మరిగించినా 100 డిగ్రీలు దాటదు. మూడో శత్రువు చావడు.

ప్రెషర్ కుక్కరుంది కదా అంటారా? అన్నం, పప్పు వండేందుకు చేసిన కుక్కర్‌లో విజిల్ వచ్చినప్పుడల్లా ఒత్తిడి మారుతుంది. అది చిన్నది కాబట్టి త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. అరలీటరు సీసా మొక్కజొన్నకు, ఇందుకోసమే చేసిన పెద్ద పాత్రలో నిలకడైన ఒత్తిడి మీద 55 నిమిషాలు కావాలి. మన కుక్కర్‌తో ఆ భరోసా రాదు. మొక్కజొన్న, చిక్కుడు, బఠాణీ, పుట్టగొడుగులు, మాంసం, చేప ఇంట్లో సీసాల్లో మూసి దాచవద్దు. ఆ విషం పట్టినవారికి చూపు రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట తడబడడం మొదలై ఊపిరి ఆగేదాకా పోతుంది. ఇలా అనిపిస్తే నాటుమందు కోసం చూడకుండా పెద్దాసుపత్రికి పోవాలి, తిన్న సీసా వెంట తీసుకుపోవాలి.

పులుపున్న పండ్ల సంగతి వేరు. సింహాచలం కొండ అనాస, మామిడి వంటివాటికి మరిగే నీళ్ళ పద్ధతి సరిపోతుంది. టమాటా పులుపుకు అంచున ఉంటుంది కాబట్టి దానికి నిమ్మ ఉప్పు జోడించాలి. ధర పడిపోయి బుట్ట అమ్మితే బండి కిరాయి కూడా రాని రోజుల్లో ఇది పనికొస్తుంది.

1. మచ్చలేని, గట్టి, పండిన టమాటాలు తీసుకోండి. కుళ్ళు కోసి మిగతాది వాడితే పులుపు తగ్గుతుంది.
2. వేడినీళ్ళలో ముంచి తొక్క తీసి, చిదిమి, 5 నిమిషాలు ఉడికించండి.
3. కడిగి మరిగించిన అరలీటరు గాజు సీసాలో పావు చెంచా నిమ్మ ఉప్పు లేదా ఒక పెద్ద చెంచా నిమ్మరసం ముందుగా వేయండి.
4. వేడి గుజ్జు నింపి, పైన అరంగుళం ఖాళీ వదలండి. అంచు తుడిచి, రబ్బరు పట్టీ ఉన్న కొత్త మూత బిగించండి.
5. పెద్ద గిన్నె అడుగున గుడ్డ లేదా జల్లి పెట్టి సీసాలు నిలబెట్టండి. మూతల మీద అంగుళం ఎత్తు నీళ్ళుండాలి. నీళ్ళు బాగా తెర్లడం మొదలైనప్పటి నుంచి 35 నిమిషాలు లెక్కపెట్టండి.

అరకు, పాడేరు వైపు వాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. అక్కడ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. అందుకే అక్కడ 35 నిమిషాలకు బదులు 45 నిమిషాలు ఉంచండి. గాజువాకలో సరిపోయిన లెక్క అరకులో సరిపోదు.

చల్లారాక మూత నడిమి లోపలికి పీల్చుకుని ఉండాలి. నొక్కితే టిక్కుమంటే అది మూసుకోలేదు, ఆ రోజే వాడేయండి. దాచిన సీసా మూత ఉబ్బినా, తెరిస్తే బుస్సుమన్నా రుచి చూడకుండా పారేయండి.

అమ్ముదామనుకునేవారికి

1999లో రైతు బజార్లు మొదలయ్యాక ఎంవీపీ కాలనీ, గాజువాక, కంచరపాలెం వంటి చోట్ల ఊరివాళ్ళు నేరుగా నగరవాసులకు అమ్ముకునే దారి వచ్చింది. ఉక్కునగరం, పోర్టు, కర్మాగారాల్లో పనిచేసే ఇళ్ళకు చోడి పిండి, మొక్కజొన్న రవ్వ, చల్ల మిరపకాయలు కావాలి. ఇవి పొడి సరుకులు, ప్రమాదం తక్కువ. మొదలు వీటితోనే పెట్టండి. ఇంటికి వండుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి, పొట్లం మీద చేసిన తేదీ, వాడవలసిన గడువు, దినుసులు రాయాలి. సీసా సరుకు మాత్రం శిక్షణ, పరీక్ష లేకుండా అమ్మకానికి పెట్టవద్దు. శిక్షణ కోసం మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

గుర్తుంచుకోండి

గింజ దాచాలంటే ఎండాలి. పిండి పులియాలంటే మజ్జిగ తోడు, ఒక్క రాత్రి. సీసాకెక్కాలంటే పులుపుండాలి. పులుపు లేని మొక్కజొన్న ఇంటి సీసాకెక్కకూడదు.

ఈ వారం చేయవలసిన పని ఒకటే. ఇంట్లో ఉన్న గింజ సంచుల్లో అడుగున ఉన్నదాని నుంచి గుప్పెడు తీసి ఉప్పు సీసా పరీక్ష చేయండి. పైన గింజ బాగానే కనిపిస్తుంది, చెమ్మ పట్టేది అడుగునే. ఉప్పు అంటుకుంటే రేపటి ఎండ పోనివ్వకండి.